నేరేడు గింజల కొలత

నువ్వు చేసే పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. షుగరు ముదిరి కిడ్నీలు పాడైన ఎలుకలకు నేరేడు గింజల సారం తాగించి, ఆ కిడ్నీలు ఏమైనా కుదుటపడతాయేమో చూడడం నా పని. ఢిల్లీలో జియా సరాయ్ అనే పేటలో గాలాడని గదిలో ఉంటూ ఐదేళ్లు అదే చేశాను. ఇంత చెప్పే ఓపిక లేక అక్కతో మాత్రం "కిడ్నీకి మందు తయారు చేస్తున్నానే" అనేవాణ్ణి. అలా అనడం గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

అక్క ఉండేది నోయిడాలో. పెళ్లయిన కొత్తలోనే షుగరు పట్టుకుంది. నలభై దాటాక మూత్రంలో ప్రొటీన్ పోతోందని చెప్పి, కిడ్నీలు ఇంకా పాడవకుండా డాక్టరు మాత్రలు రాశాడు. ఆదివారం నేను వెళితే చాలు, అపార్ట్‌మెంట్‌లోని తెలుగు ఆంటీలను పిలిచి మరీ నన్ను చూపించేది. "మా తమ్ముడే. కిడ్నీకి మందు కనిపెడతన్నాడు." నేను కాదనకుండా ఆవిడ చేసిన పులిహోర తింటూ కూర్చునేవాణ్ణి.

ఒక జూన్ నెల ఆదివారం అశోకా రోడ్ దగ్గర బండి మీద నేరేడు పళ్లు కొని పట్టుకెళ్లాను. అక్క పళ్లు తిని, గింజలన్నీ పేపరు మీద ఎండబెట్టింది.

"ఎలుకలకి ఎంతెంత పోస్తారురా?"

"ఎందుకే, నువ్వూ తాగుతావా?"

"చెప్పరా. నా అంత ఎలుకుంటే ఎంత పోస్తావు?"

నాకు నవ్వొచ్చింది. కరెంటు బిల్లు వెనక ఆవిడ బరువు వేసి, ఎలుక బరువుతో లెక్క కట్టి, "పొద్దున్నే రెండు చెంచాలు, మహారాణీ" అని రాసి డాక్టరులా కింద సంతకం కూడా గీకాను. మేం ల్యాబులో తీసే సారానికీ, మిక్సీలో కొట్టిన గింజల పొడికీ పొంతనే లేదని నాకు తెలుసు. నవ్వులాటే కదా అని చెప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. అక్కడ పిల్లిని నేనే.

తరవాత థీసిస్ హడావుడిలో నాలుగు నెలలు అటు వెళ్లలేదు. ఒకరోజు మేనకోడలు ఫోన్ చేసింది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ నోట హిందీయే వస్తుంది.

"మామా, మమ్మీ నే గోలియా బంద్ కర్ దీ హై."

మాత్రలు మానేసిందట. పరిగెత్తాను. అక్క మొహం ఉబ్బిపోయి ఉంది. ఫ్రిజ్ తలుపు మీద నా సంతకంతో కరెంటు బిల్లు, పక్కన అరలో సగమైన పొడి డబ్బా, దాని వెనక విప్పని మాత్రల అట్టలు.

"బుద్ధుందా నీకు?" అని అరిచాను. అరవాల్సింది ఎవరి మీదో తెలిసే అరిచాను.

"నువ్వే రాశావుగా," అంది అక్క, ఏమీ అర్థం కానట్టు. "నీ మందుండగా మళ్లీ అయ్యెందుకులే అనుకున్నా."

కిడ్నీలు రెండూ పోయాయనీ, మాత్రలు ఆపకుండా ఉంటే అవి ఇంకొన్నేళ్లు నెట్టుకొచ్చేవనీ డాక్టరు చెప్పాడు. ఎన్నేళ్లో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సాయంత్రం ఫ్రిజ్ మీది కాగితం చింపేశాను.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. బావకి ఆఫీసు, పిల్లకి కాలేజీ. కాబట్టి నేనే తీసుకెళ్తాను. ఆ నాలుగు గంటలూ అక్క రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుంటాను. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండును.

మొన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది.

"ఆ మందు తాగిన ఎలుకలు ఇప్పుడెట్టా ఉన్నాయిరా?"

ఎలుకలు లేవు. ప్రయోగం ముగిసిన రోజున అన్నిటినీ చంపేస్తాం, మందు తాగినవాటినీ తాగనివాటినీ. కిడ్నీ తూచాలంటే బయటికి తియ్యాలి మరి. కోలుకున్న ఎలుక ఆ తరవాత ఎన్నాళ్లు బతికేదో నా థీసిస్‌లో ఎక్కడా లేదు.

"బాగున్నాయే," అన్నాను.

అక్క కళ్లు మూసుకుంది.

"పోన్లే, అవన్నా బాగున్నాయి."