ఆ రోజు కిరసనాయిలు అన్నాను

ఒక్క మాట. ఇరవై ఏళ్ళ నాడు నా నోటి నుంచి వచ్చింది. దాన్ని ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను. రాయి మోస్తే ఎక్కడో ఒక చోట దించవచ్చు. మాటను ఎక్కడ దించాలి? ఎవరి ముందు దించాలి?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేను మెకానిక్కుని. అనకాపల్లిలో, హైవే మీంచి ఊళ్ళోకి తిరిగే దారిలో నాకో రేకుల షెడ్డు ఉంది. నా పేరు రాయను. అతని పేరు మాత్రం రాస్తాను. యోహాను. కొండకర్ల మనిషి.

రెండు వేల సంవత్సరం దాటి మూడో నాలుగో ఏళ్ళయి ఉంటుంది. టర్బో డీజిలు కార్లు అప్పుడే మా వైపు రావడం మొదలైంది. అప్పటిదాకా నాకు తెలిసినవి లారీలు, ట్రాక్టర్లు, పాత జీపులు. చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి. చెయ్యి మంచిదని పేరు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

టర్బో అంటే ఏమిటో మీకు కొంచెం చెప్పాలి. ఇంజను బయటికి వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో వైపున్న ఇంకో చక్రం గాలిని ఇంజనులోకి తోస్తుంది. అరచేతిలో పట్టేంత చక్రాలు. కంటికి ఆనని వేగం. ఆ ఇరుసు ఇనుము మీద ఆనుకుని తిరగదు. పలుచటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఎంత కాగినా మాడని నూనె, బండి స్టార్టు కాగానే పరుగున చేరుకునే నూనె దానికి కావాలి. ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. తెలియదని అనడం కూడా తెలియదు.

మా ఊళ్ళో ఒక కళ్ళ డాక్టరమ్మ ఉండేది. చీడికాడ, కె. కోటపాడు వైపు పల్లెల్లో క్యాంపులు పెట్టి ముసలివాళ్ళ కళ్ళు చూసేది. తిరగడానికని కొత్త టర్బో బండి కొంది. దానికి డ్రైవరు యోహాను. పదో తరగతి దాకా చదివాడు. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేవాడు. ఎంత దూరం వెళ్ళినా డీజిలు మాత్రం ఊళ్ళో ఒకే బంకులో కొట్టించేవాడు. చుక్క వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, అప్పుడు మూత బిగించేవాడు. క్యాంపు దగ్గర బండి ఆపాక డాక్టరమ్మ దిగి చెప్పులు సర్దుకుని, సంచీ తీసుకుని, పది అడుగులు వేసేదాకా ఇంజను ఆపేవాడు కాదు. టర్బో చల్లబడాలని. నేను ఆ సంగతి విని నవ్వేవాణ్ణి.

మొదటిసారి నా దగ్గర ఆయిలు మార్చినప్పుడు ఆ పుస్తకం పట్టుకొచ్చాడు. ఒకరినొకరం ఊరికే బావా అనుకునేవాళ్ళం.

"బావా, ఇందులో ఇంకో ఆయిలు రాసుంది. పల్సటిది. విశాపట్నంలో దొరుకుతాదంట. ఓపాలి సూడు."

"పుస్తకాలు సదివితే ఇంజన్లు తిరగవు బావా. లారీలకి ఇన్నేళ్ళగా ఇదే ఏత్తన్నాను. ఆయిలు సిక్కగా ఉంటేనే బలం."

"దీనికి టర్బో ఉంది కదేటి? అది బాగా ఏడెక్కుతాదంట."

"నువ్వు స్టీరింగు సూసుకో. ఇంజను నాను సూసుకుంతాను."

షెడ్డులో ఉన్న ఇద్దరు లారీ డ్రైవర్లు నవ్వారు. యోహాను కూడా నవ్వాడు. పుస్తకం మూసి డాష్‌బోర్డు అరలో పెట్టేశాడు. నాకు ఆ నవ్వు బాగుంది. ఎందుకు బాగుంది? అతను చదివి తెలుసుకున్నది నాకు తెలియదు. అంతే. నా డ్రమ్ములోని చిక్కటి నూనె ఆ బండిలో పోశాను. తర్వాత ఇంకోసారి. ఇంకోసారి కూడా.

ఆ బండి పోయిన రోజు చెరుకు పూత మీద ఉంది. కె. కోటపాడు దారిలో రెండు వైపులా తెల్లటి కుచ్చులు గాలికి ఒరుగుతున్నాయి. పొద్దున్న తొమ్మిదైనా మంచు పూర్తిగా విడవలేదు. ఫోను వస్తే స్కూటరు వేసుకుని బయలుదేరాను. దూరం నుంచే కనిపించింది. నీలం కలిసిన తెల్లటి పొగ చేల మీద పడుకుని ఉంది. ఏది మంచో, ఏది పూతో, ఏది పొగో తెలియలేదు. ఆకాశం నుంచి ఒక ముక్క జారి చెరుకు మీద వాలినట్టుంది. ఒక్క క్షణం, ఎంత బాగుందో, అనుకున్నాను. అదీ చెప్పాలి. ఆ పొగ నేను పోసిన నూనె అని నాకింకా తెలియదు.

జరిగింది ఇది. టర్బో ఇరుసు అరిగి సీలు తెగి, టర్బోలోంచి కారిన నూనెను ఇంజను పీల్చేసింది. ఆ నూనే ఇంధనమైంది. యోహాను తాళం తిప్పి ఆపేసినా ఇంజను ఆగలేదు. తనను తాను తాగుతూ, అరుస్తూ, పెరిగిపోయింది. డాక్టరమ్మనీ నర్సునీ దిగిపొమ్మని కేకేశాడట. వాళ్ళు దిగాక, తను మాత్రం లోపలే ఉండి, టాపు గేరు వేసి, బ్రేకు మీద నిలబడినట్టు తొక్కి, క్లచ్చు ఒక్కసారిగా వదిలాడు. ఇంజను ఒక్క కుదుపు ఇచ్చి చచ్చిపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఇంజను పగిలేది. అతని కాళ్ళ ముందే పగిలేది. ఆ ఉపాయం అతనికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేనైతే దూకి పారిపోయేవాణ్ణి.

బండిని ట్రాక్టరుకి కట్టి షెడ్డుకి తెచ్చాం. మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చుని టర్బో విప్పాను. దానికి నూనె తెచ్చే సన్నటి గొట్టం ఉంటుంది. అందులోకి తీగ దూర్చబోయాను. దూరలేదు. తట్టాను. నల్లటి బొగ్గు ముక్కలు అరచేతిలో రాలాయి. పెనం అడుగున మాడిపోయిన బెల్లం పాకం ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. చిక్కటి నూనె ఆ వేడికి ఆగలేక అక్కడే మాడి, పేరుకుని, దారి దాదాపు మూసేసింది. ఇరుసు చాలీచాలని నూనెతో తిరిగి అరిగిపోయింది.

చూసిన వెంటనే అర్థమైంది. కాలేదని మీకు చెప్పవచ్చు. కానీ అయింది.

అప్పుడు నా చేతులు ఏం చేశాయి? గొట్టాన్ని తీసుకుని, సామాన్లు కడిగే డబ్బాలో వేసి, తీగతో పొడిచి పొడిచి శుభ్రంగా కడిగాయి. బొగ్గు ముక్కల్ని మురిక్కాలవలో పారబోశాయి. నా చేతులు అంటున్నాను చూశారా. ఇప్పటికీ, నేను, అనడానికి ఇంత కష్టం. నేను కడిగాను. నేను పారబోశాను.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ వచ్చింది. వెనకే యోహాను. రాత్రంతా నిద్ర లేనట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు పోయిందయ్యా? కొత్త బండి కదా," అందామె.

యోహాను నా వైపు తిరిగాడు.

"నువ్వే సెప్పు బావా," అన్నాడు.

అంతే అన్నాడు. అందులో బెదిరింపు లేదు. నా మీద నమ్మకం ఉంది. నేను నిజం చెబుతాననీ, తప్పయిందమ్మా అంటాననీ, డాక్టరమ్మ నాలుగు మాటలు తిట్టి ఊరుకుంటుందనీ అతను అనుకున్నాడు. నిజంగా అంతే జరిగేదేమో. ఆమె మంచి మనిషి.

"డీజిల్లో ఏదో కలిసిందమ్మా," అన్నాను.

"ఏం కలిసింది?"

"కిరసనాయిలు."

ఆమె యోహానుని చూసింది. ఆ రోజుల్లో డీజిలు తీసి అమ్ముకుని, ఆ లోటు కిరసనాయిలుతో నింపే డ్రైవర్ల కథలు అందరికీ తెలుసు. అతని పేరు నేను ఎత్తనక్కర్లేకపోయింది. కిరసనాయిలు కలిస్తే చెడేది పంపూ, ఇంజెక్టర్లూ. టర్బో ఇలా పోదు. అది ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

యోహాను నా ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, బయటికి నడిచాడు. వెలుగులోకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే చిన్నవాడైపోయాడు. రోడ్డు మీద లారీలు అడ్డం వచ్చాయి. అవి పోయాక చూస్తే అతను లేడు.

బండికి కొత్త టర్బో వేశాను. ఆయిలు పోసే ముందు డాష్‌బోర్డు అర తెరిచి పుస్తకం తీశాను. అతను వేలు పెట్టిన పేజీ మూల మురికై ఉంది, వెతకనక్కర్లేకపోయింది. విశాఖపట్నం వెళ్ళి ఆ పలుచటి నూనే తెచ్చి పోశాను. బండి చాలా ఏళ్ళు తిరిగింది. నీ చెయ్యి మంచిదయ్యా, అంది డాక్టరమ్మ. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుంది.

ఊళ్ళో అతనికి ఇంక ఎవరూ తాళం ఇవ్వలేదు. 'కిరసనాయిలు యోహాను' అని పేరు పడింది. ఎవరు పెట్టారో తెలియదు. బజార్లో పిలిచేవారు, నవ్వుతూనే. వాళ్ళ చర్చిలో కానుకలు ఎత్తే పని అతనిది. ఆ ఏడాది నుంచి ఇంకొకరికి ఇచ్చారని విన్నాను. అతను కొండకర్ల వెళ్ళిపోయి, అక్కడి ఆవలో, ఊరి పక్కనున్న సరస్సులో, దోనె నడపడం మొదలుపెట్టాడు. రెండు తాటి బోదెలు తొలిచి జతకట్టిన దోనె. పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పేవాడు.

నాలుగైదేళ్ళ తర్వాత నేను వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎక్కమని చెయ్యి చాచాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. తామరాకుల మధ్య దారి చేసుకుంటూ దోనె పోతోంది. చప్పుడు లేదు. కొండ నీళ్ళలో తలకిందులుగా ఉంది. మేము దాని మీదుగా పోతున్నాం. పైన ఏదో, కింద ఏదో తెలియని చోట ఇద్దరమే. ఇంతకంటే చెప్పడానికి అనువైన చోటు ఈ భూమ్మీద ఉందా?

అతనే అన్నాడు, దోనె తోసే గెడ ఆపకుండా.

"ఆ పూట నువ్వే సెప్తావని సూసేను బావా."

నేను దోనె అంచు పట్టుకుని నీళ్ళ వైపు తిరిగాను. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాసేపయ్యాక, "అదుగో, నీలం కోడి," అని ఆకుల వైపు చూపించాడు. నేను చూశాను. ఒడ్డుకి వచ్చాం. దిగాను. వచ్చేశాను.

తర్వాత నేను జాగ్రత్తగల మెకానిక్కుని అయ్యాను. ఏ టర్బో బండి వచ్చినా ముందు పుస్తకం అడుగుతాను. రాసిన నూనె తప్ప ఇంకోటి పొయ్యను. మంచి బంకులోనే కొట్టించండి, దూరం నుంచి వచ్చాక వెంటనే ఆపకండి, ఒక నిమిషం తిరగనివ్వండి, అని అందరికీ చెబుతాను. విశాఖపట్నం నుంచి కూడా బళ్ళు వస్తాయి. ఇది పశ్చాత్తాపమా? చాలాకాలం అవుననుకున్నాను. కాదు. అతనికి తెలిసిన విద్య అతని దగ్గర తీసుకుని నా పేరు మీద బతుకుతున్నాను. అతన్ని దొంగని చేసి, అతని దగ్గరే దొంగిలించాను.

పోయిన వానాకాలంలో యోహాను చనిపోయాడు. సమాధుల తోటకి వెళ్ళాను. పాస్టరు ప్రార్థన చేస్తుంటే నా వెనక ఇద్దరు గుసగుసగా మాట్లాడుకున్నారు.

"మంచోడేరా పాపం. ఆ కిరసనాయిలు గొడవే లేకపోతే..."

వెనక్కి తిరగాలి. తిరిగి ఒక్క మాట అనాలి. వాన సన్నగా పడుతోంది. అతని భార్య తడి మట్టిలో నిలబడి ఉంది. ఆమెకూ వినిపించే ఉంటుంది. నేను గుప్పెడు మట్టి వేసి పక్కకి తప్పుకున్నాను. చెప్పాల్సిన చోట చెప్పకపోవడం అది మూడోసారి.

ఇంకొకటి ఉంది. ఇంతవరకూ రాసి కూడా దాన్ని దాటేద్దామని చూశాను. డాక్టరమ్మ ఉత్త నా మాట మీదే నమ్మలేదు. "నిజమేనా?" అని అడిగింది. అప్పుడు నేను ఒక గుడ్డ తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ట్యాంకు తుడిచిన గుడ్డ అని చెప్పాను. అది ట్యాంకు తుడిచింది కాదు. సామాన్లు కడిగే డబ్బాలో ఉన్నది కిరసనాయిలే. ఆమె వచ్చే ముందే ఆ గుడ్డ అందులో ముంచి, పిండి, బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నాను. అంటే ఆ మాట కంగారులో జారింది కాదు. యోహాను, నువ్వే సెప్పు బావా, అనేసరికే నేను ఆ అబద్ధాన్ని తడిపి ఉంచాను.

ఇది ఎవరికీ తెలియదు. అతనికి తెలిసి ఉండవచ్చు. ఆ గుడ్డని అతను కూడా చూశాడు.

డాక్టరమ్మ ఇప్పుడు లేదు. అతని భార్య ఉంది. ఆమె దగ్గరికి వెళ్తానా? తెలియదు. వెళ్తానని రాయడం సులువు, అందుకే రాయను. నా పేరు దాచుకుని అతని పేరు బయటపెట్టడం ఏం ధైర్యమని మీరు అడగవచ్చు. అడగండి.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. షెడ్డులో ఎవరూ లేరు. రేకులు వేడికి టిక్కుమంటున్నాయి. ఇందాక ఒక పని చేశాను. లేచి నిలబడి పైకే అన్నాను. యోహాను ఆ బండిలో కిరసనాయిలు కలపలేదు. నూనె తప్పు. పోసింది నేను. ఇన్నేళ్ళలో ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి కొంచెం గట్టిగా.