మా నాయన వేలితో నేను వేసిన ఓటు

ఈ బరువు కిందటిసారి ఎన్నికలకు ముందటి ఎన్నికల నుంచి మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. మా అక్కకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఈ బరువు కూర్చుంటే కూర్చోనివ్వదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వస్తాను, ఎందుకొచ్చానో గుర్తుండదు, మళ్లీ లోపలికి పోతాను. ఈలోగా పాలు పొంగిపోతాయి. చెప్పేస్తాను. మా నాయన ఓటును నేను దొంగిలించాను. అదీ ఆయన వేలితోనే.

మాది కంబదూరు పక్క పల్లె. షుగరు జబ్బుతో నాయనకు రెండు కళ్లూ పోయాయి. అమ్మ పోయాక నేనూ మా ఆయనా ఈ ఇంటికే వచ్చేశాం, ముందు గదిలో చిల్లర అంగడి పెట్టుకున్నాం. కళ్లు లేనివాళ్లు ఓటు వేయడానికి ఒక మనిషిని వెంట తీసుకుపోవచ్చు. నాయనకు ఆ మనిషిని నేనే.

ఆ ఏడు మా ఊరి ఓబుళేసన్న ఎమ్మెల్యేకు ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. బోర్లన్నీ ఎండిపోయిన వేసవుల్లో తన ట్రాక్టరుకు ట్యాంకరు తగిలించి వీధివీధికీ నీళ్లు తోలిన మనిషి. గుర్తు బకెట్టు. ఊళ్లో సగం మంది నవ్వారు, నేనూ నవ్వాను. టీవీ చూసి అన్నీ తెలుసనుకునేదాన్ని. ఇండిపెండెంటుకు వేస్తే ఓటు మురిగిపోతుందనీ, ఢిల్లీలో గెలిచే పార్టీనే ఇక్కడా గెలిపిస్తే పనులు జరుగుతాయనీ అంగడికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. పావుకిలో ఉప్పుకు వచ్చినవాళ్లకు కూడా నా ఉపన్యాసం తప్పేది కాదు.

నాయన నాతో వాదించేవాడు కాదు. పోలింగు రోజు పొద్దున పంచె సర్దుకుంటూ ఒక్క మాట అన్నాడు.

"రెండు ఓట్లు గదా పాపా. ఢిల్లీకి పోయేటోన్ని నువ్వే చూస్కో, నీకు తెలుస్తాది. ఈడ ఎమ్మెల్యేకు మాత్రం మన ఓబుళేసు. నీళ్లు ల్యావంటే పలికేటోడు నాకు కావాల."

అంటే రెండింట్లో ఒకటి అడక్కుండానే నాకిచ్చేశాడు. అది చాలలేదు నాకు.

బూత్ మా ఊరి బడిలోనే. ఆయన తరఫున వచ్చినందుకు నా కుడి చేతి వేలికి సిరా పూశారు. ఓటు ఎవరికి పడిందో బయట చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఆ మాట మాత్రం ఇన్నేళ్లూ తప్పలేదు, చూడండి! ముందు ఎంపీ యంత్రం. నేనే నొక్కాను. తర్వాత ఎమ్మెల్యేది. అప్పుడు నాయన చెయ్యి చాపాడు. "ఇది నేనే నొక్కుతా, యాడుండాదో చూపీ" అన్నాడు. ఓబుళేసన్న పేరు జాబితా అడుగున ఉంది, పక్కన బకెట్టు బొమ్మ. నాయన వేలు పట్టుకున్నాను. కిందిదాకా తీసుకుపోవాలి. పైన, నేను అందరికీ చెప్పే పార్టీ గుర్తు దగ్గరే ఆపేశాను.

"ఇదేనా పాపా?"

"ఇదే నాయనా."

నొక్కాడు. యంత్రం కుయ్యిమంది. ఆయన ముఖం విప్పారింది.

ఎందుకు చేశాను? ఊరి మంచికే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆయన అమాయకుడు, లోకం తెలియదు, నేను తెలిసినదాన్ని, తెలిసినవాళ్లు తెలియనివాళ్ల చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్పేముంది అని కూడా అనుకున్నాను. నిజంగా అంతేనా? కాదు. ఆ వేసవిలోనే ఒకరోజు ట్యాంకరు దగ్గర, అంగడిదాన్ననే మిడిసిపాటుతో, నా బిందెలు ముందుకు తోశాను. ఓబుళేసన్న పైపు కట్టేశాడు. "వరసలో రామ్మా. నీకో న్యాయం, వీళ్లకో న్యాయం ల్యాదీడ" అన్నాడు. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. యంత్రం ముందు నిలబడ్డప్పుడు నాకు ఢిల్లీ గుర్తు రాలేదు. ఆ నవ్వే గుర్తొచ్చింది. ఇది ఇంతవరకూ నాతో నేను కూడా ఒప్పుకోలేదు.

ఓబుళేసన్న ఓడిపోయాడు. చిత్తుగా. నాయన ఓటు పడినా ఓడిపోయేవాడే. ఈ మాటతో నన్ను నేను ఎన్నిసార్లు సముదాయించుకున్నానో! కానీ ఓడిన నాలుగు రోజులకు ఆయన మా ఇంటికి వచ్చాడు. నాయన ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఎవురు ఏసినా ఏయకున్నా నా ఓటు నీకే పడిందప్పా. నా ఏలితో నేనే నొక్కినా."

"అది చాలు మామా" అన్నాడు ఓబుళేసన్న. కళ్లు తుడుచుకున్నాడు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడిపోయాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెబితే ఇద్దరూ బాధపడతారు కదా అనుకున్నాను. వాళ్ల బాధ కోసమా నోరు మూసుకున్నది? నా పరువు కోసం. ఆ తర్వాత ఓబుళేసన్న ట్రాక్టరు అమ్మేసి బెంగళూరు పోయాడు. అక్కడ అపార్టుమెంట్లకు నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడట. మా వీధికి ఇప్పుడు ఎవరూ తోలడం లేదు.

కిందటిసారి ఎన్నికలకు నాయనను మళ్లీ నేనే తీసుకుపోయాను. ఈసారి ఆయన ఎవరి పేరు చెబితే వాళ్లకే, నాకు గిట్టనివాళ్లయినా సరే, అని గట్టిగా అనుకున్నాను. బడి మెట్ల దగ్గర నేనే అడిగాను, ఎమ్మెల్యేకు ఎవరికని.

"ఇంగెవురుండారు పాపా? మనోడు ల్యాకపాయె. రెండూ నువ్వే చూస్కో. నువ్వు నొక్కితే నేను నొక్కినట్టే."

కోపమొచ్చింది నాకు. ఆయన మీదే. ఒక్క పేరు చెప్పి ఉంటే ఏం పోయేది? చెప్పడానికి ఆయన దగ్గర పేరు లేకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నానని లోపలికి పోయేటప్పుడు అర్థమైంది. ఏది నొక్కానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

ఆయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని రేడియో వింటున్నాడు. పిలిస్తే పలికే దూరం. పిలవలేదు. ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్పడం పిరికితనమే, నాకు తెలుసు. మీరు క్షమించడానికి ఇది మీ ఓటు కూడా కాదు. ఓబుళేసన్నకు మా నాయన ఓటు పడలేదు. పడకుండా చేసింది నేను. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే.