రాజోలులో జెడ్

మా ఆసుపత్రి కంప్యూటర్లో రోగుల వివరాలు ఎవరు చూడవచ్చో చెప్పే నిబంధనలు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనే రాసేవాణ్ణి. అడిగే మనిషి ఉద్యోగం, వార్డు, ఊరు మూడూ నిబంధనతో సరిపోతేనే వివరాలు తెరుచుకుంటాయి. నేను రిటైరయ్యాక నా స్థానంలోకి వచ్చినాయన ఒక ఉదయం ఫోన్ చేశారు.

“గురువుగారూ, అమలాపురం నుంచి సిస్టర్ గారు బదిలీ మీద మన రాజోలు వచ్చేరండి. పేషెంటుకి ఏ మందు పడదో చూడాలి. తెరుచుకోవట్లేదండి.”

నన్ను పనికి పిలిచి చాలా కాలమైంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. సిస్టర్ ఇంజెక్షన్ ఆపి అక్కడే నిలబడి ఉంది.

“ఉద్యోగం సరే, వార్డు సరే, ఊరూ రాజోలేనండి,” అన్నారాయన.

“ఊరు చదవకండి. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పండి.”

“ఆర్, ఏ, జె...”

నిబంధనలో ఊరి పేరు సర్కారు కాగితాల్లో రాసినట్టే, జె బదులు జెడ్‌తో ఉంది. ఆయన సిస్టర్ వివరాల్లో ఊరిని నోటితో పలికినట్టే రాసేశారు.

“మాది ఈ పక్కనున్న తాటిపాకేనండి. పుట్టి బుద్ధెరిగి రాజోలుకి జెడ్ పలకలేదండి మేం,” అంది సిస్టర్.

“ఆయ్,” అని నవ్వుతూనే ఆయన దిద్దారు. వివరాలు తెరుచుకున్నాయి. ఆమె మందు పేరు చూసుకుని వార్డుకు పరుగెత్తింది.

నాకు లేవబుద్ధి కాలేదు. నేను రాసిన నిబంధనల పేజీని నా పాత లాగిన్‌తో తెరవబోయాను. తెరుచుకోలేదు. ‘హోదా: రిటైర్డ్’ అని కారణం కూడా చూపించింది.

“ఇదీ తప్పేనాండి? దిద్దమంటారా?” అని ఆయన మొహమాటంగా అడిగారు.

“లేదండి. ఇది సరిగ్గానే పనిచేస్తోంది.”

టీ తెప్పిస్తానన్నారు. వద్దనలేదు. తాగేదాకానైనా ఆ కుర్చీలో కూర్చోవచ్చు.