చావు గంటతో నిలిచిన ఐదో తరగతి

మా ఊళ్లో బడి, గుడి ఒకటే గది. పొడవు ముప్పై ఆరడుగులు, వెడల్పు పదహారు, పైన నాపరాళ్ల కప్పు. వారానికి ఆరు రోజులు బడి, ఆదివారం జపం. బడి రోజుల్లో పీఠం మీద దుప్పటి కప్పేవాళ్లు, మా ఎక్కాలు దేవుడి చెవిన పడకుండా కాబోలు. ఫాదరు నెలకొకసారి బద్వేలు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. మిగతా రోజులకు ఉపదేశి ఒక్కడే దిక్కు. జపాలు నేర్పేదీ, ఎక్కాలు నేర్పేదీ ఆయనే. రెంటికీ ఒకటే బెత్తం.

గంట కూడా ఒకటే. గణగణా కొడితే బడి. మూడు మూడుగా కొడితే జపం. ఒక దెబ్బ కొట్టి, మనసులో ఒక పరలోక జపం చెప్పుకుని, మళ్లీ ఒక దెబ్బ కొడితే చావు. మొదటిదానికి సగం మంది పిల్లలు, రెండోదానికి ముసలమ్మలు, మూడోదానికి కులం మతం లేకుండా ఊరంతా వచ్చేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా, ఐదో తరగతి ఉంచాలా ఎత్తేయాలా తేల్చడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బడిలో ముప్పై మంది కనబడాలి. మా నాయన తన సంగతి ముందే తేల్చేశాడు: "ఐదు ఉంటే సదువుకో, ల్యాకుంటే కపిల తోలు. బాయికాడ నీళ్లు తోడే ఎద్దులు ఎదురు సూస్తాండాయి."

ఇన్‌స్పెక్టరు వచ్చింది సరిగ్గా వేరుశనగ పీకే రోజుల్లో. బడిలో ఉన్నది పదకొండు మంది. ఉపదేశి నన్ను గంట కొట్టమన్నాడు. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. ఒక మేక వచ్చింది.

ఉపదేశి ఇన్‌స్పెక్టరు చేతికి మజ్జిగ చెంబిచ్చి, బయటికొచ్చి, నా చేతిలోని తాడు లాక్కున్నాడు. ఒక దెబ్బ. ఆయన పెదాలు కదిలాయి. మళ్లీ ఒక దెబ్బ.

చేలల్లోంచి జనం ఉరికొచ్చారు. ముందు పిల్లలు, వెనక ఆడవాళ్లు, ఆ వెనక గుంత తవ్వడానికి పారలతో మగవాళ్లు. అందరి చూపూ రెండు నెలలుగా మంచాన పడిన అవ్వ ఇంటి వైపే. ఆ అవ్వే కర్ర పోటేసుకుంటూ బయటికొచ్చింది.

"ఎవురప్పా పోయింది?"

"నువ్వే అనుకుంటిమి గదవ్వా!"

"నేనా? మరి ఏడ్సేవాళ్లు యాడ? ఒక్కరి కండ్లల్లో తడి ల్యాదే!"

ఉపదేశి పిల్లల్ని లోపలికి తోశాడు. నలభై మూడు మంది. అందులో ఇద్దరికి ఇంకా మాటలు రావు. ఇన్‌స్పెక్టరు లెక్క రాసుకుని కిటికీలోంచి చూశాడు.

"ఆ పారలెందుకు?"

"బడితోట సార్. అరటి ఏస్తాండాం."

తాగడానికే నీళ్లు చాలని ఊళ్లో అరటి!

"మంచిది. తవ్వమనండి, చూస్తాను."

తవ్వారు. వాళ్ల చేతులకు తెలిసిన కొలత ఒకటే: పొడవు ఆరడుగులు, వెడల్పు రెండున్నర. తర్వాత పాలిటెక్నిక్‌లో పునాదుల పాఠం విన్నాను గానీ, అంత నిటారు అంచులు మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇన్‌స్పెక్టరు గుంత చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అరటికి ఇంత గుంతా?"

"ఈడ నేల శానా గట్టిది సార్."

ఐదో తరగతి నిలిచింది. "నా సావు పుణ్యాన సదువుకుంటాండారు, నీళ్లు తెచ్చీండ్రా" అని అవ్వ రోజూ మాతో కడవ మోయించేది. నేను ఐదో తరగతికి వచ్చిన ఏడు, వేసవి రాకముందే ఆమె నిజంగానే పోయింది. ఉపదేశి గంట కొట్టాడు. ఒక్కరూ కదల్లేదు. "ఇన్‌స్పెక్టరు మళ్లా వచ్చినట్టుండాడు" అన్నాడు మా నాయన, ఎద్దుల్ని ఆపకుండా.

ఐదో తరగతి వాళ్లం తొమ్మిది మందిమి. చేలు పంచుకుని, ఒక్కో గట్టు మీదా నిలబడి అరిచాం.

"ఈ తూరి నిజమే! పారలు తీసుకోని రాండి!"