చెన్నవ్వ రాయి ఊరేగిన రోజు

రాయచూరులో అభిప్రాయం లేని మనిషిని చూపిస్తే మీసం తీసేస్తానని నేను చాలామందితో పందెం కట్టాను. మీసం ఇంకా ఉంది. కోట ఎక్కడ కట్టి ఉండాల్సింది, స్టేషను ఇంకో పక్కన ఉంటే ఎంత బాగుండేది, కొత్త బస్టాండు చూస్తే బస్టాండులా ఉందా గోదాములా ఉందా? చాయ్ గ్లాసు చేతిలో పడితే చాలు, మావాళ్లు ఒక్కొక్కరూ ఊరినంతా కూల్చి, గ్లాసు ఖాళీ అయ్యేలోపు మళ్లీ కట్టేస్తారు. నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను గానీ, ఆ హోటళ్లలో విన్నదంతా రాసిపెట్టుకుని ఉంటే ఈపాటికి ఇంజనీర్లు నా దగ్గరికి ట్యూషనుకు వచ్చేవాళ్లు.

ఇంతమంది మధ్య ఏ అభిప్రాయమూ చెప్పకుండా ఏళ్ల తరబడి ఒక రాయిమీద కూర్చుని రొట్టెలమ్మింది చెన్నవ్వ. ఆమె సంగతి చెప్తాను. ఇందులో నేను పెంచి చెప్పేవి కొన్ని ఉంటాయి, అవి మీకు ఇట్టే తెలిసిపోతాయి. నమ్మబుద్ధి కానివి మాత్రం నిజంగా జరిగినవి.

ముందు ఆ రాయి గురించి చెప్పాలి. మూడు దారులు కలిసే చౌరస్తాలో ఉండేది. ఇద్దరు మనుషులు కాళ్లు చాపి పడుకున్నా ఇంకా ఒక గంపకు చోటు మిగిలేంత పొడుగు. కోట కట్టడానికి తెస్తుంటే దారిలో అలిసిపోయి ఇక్కడే కూర్చుందని మా తాత చెప్పేవాడు. వైశాఖంలో చల్లారిన రొట్టెను దానిమీద పరిస్తే మళ్లీ పొంగేది. ఒక ఏడాది బల్లి ఒకటి ఈ కొసనుంచి ఆ కొసకు బయల్దేరి నడిమధ్యలో అప్పడమైపోయింది. నేను కళ్లారా చూశాను.

చెన్నవ్వ కోట కింద మట్టిమిద్దెల వాడలో పుట్టింది. గంజ్‌లో పత్తి మోసే హమాలీ జంబన్నకు ఇచ్చి చేశారు. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో కరెంటు కార్ఖానా కడుతున్న రోజుల్లో ఎక్కడెక్కడి కూలీలో ఈ చౌరస్తాలో లారీ ఎక్కేవాళ్లు. ఒక పొద్దున చెన్నవ్వ మొగుడికి సద్దిమూట తీసుకుపోతూ ఆ రాయిమీద కాస్త కూర్చుంది. జొన్నరొట్టె, పుంటికూర వాసనకు ఎవరో బీహారు పిల్లగాడు వచ్చి చెయ్యి చాపాడు. మూట విప్పి పెట్టింది. వాడి వెనక ఇంకో నలుగురు. మధ్యాహ్నం జంబన్న ఆకలితో మండిపడుతూ ఇంటికొచ్చాడు.

“నా రొట్టెలేవే?”

“అమ్మిన.”

“మొగని బువ్వ అమ్ముకుంటరే ఎవరన్నా?”

చెన్నవ్వ కొంగుముడి విప్పి చిల్లర చూపించింది. జంబన్న కాసేపు చూసి, “రేపు జర జాస్తి చెయ్యి. నాకు గూడ మిగలాలె గద,” అన్నాడు. ఆమె వ్యాపారం అలా మొదలైంది. తర్వాత జంబన్న మోకాలు పోయింది. కర్ర పట్టుకుంటేగాని లేవలేని స్థితి. అప్పటినుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ రాయిమీది బేరంతోనే.

కార్ఖానా నడవడం మొదలయ్యాక కూలీల లారీలు పోయి షిఫ్టు బస్సులు వచ్చాయి. అవీ రాయి పక్కనే ఆగేవి. డ్యూటీకి పోయేవాళ్లు రాయిమీద కూర్చుని తినేవాళ్లు, తింటూ కార్ఖానా పొగగొట్టాల ఎత్తు గురించి వాదించుకునేవాళ్లు. చెన్నవ్వ ఒక మూలన కూర్చుని ఎవరికి కారం ఎక్కువ కావాలో, ఎవరికి కడుపులో మంటో చూసుకుంటూ వడ్డించేది.

బండ్లు పెరిగాక రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. రాయి అడ్డం వచ్చింది. మా వార్డు మెంబరు మహదేవప్ప చౌరస్తాలోనే షామియానా వేయించి, జనాభిప్రాయం చెప్పమన్నాడు. రాయచూరు జనాన్ని అభిప్రాయం అడగడమంటే తూముకు అడ్డంపెట్టిన పలక తీసేయడమే. రాయి తీసేసి గడియారం గోపురం కట్టాలన్నాడు బట్టల దుకాణమాయన. రంగురంగుల ఫౌంటెన్ కావాలని లాడ్జి యజమాని పట్టుబట్టాడు. అది ఆయన లాడ్జి కిటికీల్లోంచి కనిపించాలట. కార్ఖానా పొగగొట్టం నమూనా కట్టి పండగపూట దాంట్లోంచి సాంబ్రాణి పొగ వదలాలన్నాడు ఇంకొకాయన. ఆ ఇంకొకాయన నేనే. ఇప్పటికీ అది మంచి ఆలోచనే అంటాను.

మాట్లాడినవాళ్లంతా చెన్నవ్వ రొట్టె తిని మాట్లాడారు. ఆమె గంప పట్టుకుని వరసల మధ్య తిరుగుతూనే ఉంది. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

చివరికి మహదేవప్ప లేచి తన సగం కన్నడంలో అందుకున్నాడు. “నోడ్రి, రాయి మన ఊరి చరిత్ర. పగలగొట్టుడు బ్యాడ. మునిసిపాలిటీ ముంగట కొత్త పార్కుల పెడ్దాం. సుట్టూ గ్రిల్లు, ఎవ్వరూ ముట్టకుండ బోర్డు.” జనం చప్పట్లు కొట్టారు. ఎవరి దుకాణం ముందూ పెట్టలేదు కాబట్టి ఎవరికీ బాధ లేదు.

సభ అయ్యాక చెన్నవ్వ నా పక్కకు వచ్చింది. “ఏం తమ్మీ, ఆ గ్రిల్లు లోపల నన్ను గూడ కూసోబెడ్తరా?”

“కూసోబెడ్తే నిన్ను చూసెతందుకు టిక్కెట్టు పెడ్తరక్కా,” అన్నాను.

ఎప్పుడూ నా మాటకు నవ్వేది, ఆరోజు నవ్వలేదు. “రోడ్డు పని మొదలైతే షిఫ్టు బస్సు ఈడ ఆగదంట. పార్కు దాటినంక మలుపు ఉన్నది సూడు, ఆడ ఆగుతదంట. బస్సు ఒక దిక్కు, రాయి ఒక దిక్కు. నేల మీద గంప పెడితే లారీ దుమ్మంత రొట్టె మీదికే. ఎవరు తింటరు? ఆయన మోకాలు సూస్తే గట్లున్నది.”

“మరి సభల చెప్పకపోతివి?”

“నన్నెవరడిగిన్రు?”

ఆమె గంపలో మిగిలిన రొట్టె ఒకటి కొనుక్కుని ఇంటిదారి పట్టాను.

ఇక రాయిని కదిలించేదెలా? మందుపెట్టి ముక్కలు చేసి పార్కులో అతికిస్తానన్నాడు కాంట్రాక్టరు. అప్పుడు కిష్టయ్య ముందుకొచ్చాడు. పత్తి బేళ్లు తోలే బండి ఆయనది. అన్నం తినేటప్పుడు కూడా ఎద్దుల గురించే మాట్లాడే మనిషి. “కోటగోడ మీద రాయిబండి గుంజే బొమ్మ సూడలేదా? గంత పెద్ద రాయిని పశువులే గుంజుకొచ్చినయి. కారహుణ్ణిమె వస్తనే ఉన్నది. పందెం పెట్టుర్రి. నా జత పార్కు దాక గుంజి, అవుతలికెళ్లి గడ్డి గూడ మేస్తది.”

కారహుణ్ణిమె అంటే మన ఏరువాక పున్నమే. ఆరోజు మా ఊళ్లో ఎద్దులకు రంగులు పూసి, బండలు లాగించి పందేలు ఆడతారు. అందరికీ నచ్చింది. మూడు జతలు పేరిచ్చాయి. కిష్టయ్యది ఒకటి, మస్కి నుంచి శరణబసవ జత ఒకటి, మాన్వి దగ్గర కాలువ కింద వరి పండించే కోటయ్య ఒంగోలు గిత్తలు ఒకటి. మైకూ ఈలా నా చేతికిచ్చారు. ఊళ్లో అంత గొంతు ఇంకెవరికుంది? రూలు కూడా నేనే చాటాను. ఈల నుంచి ఈల దాకా ఒక జత లాగాలి, అందరికీ ఒకే లెక్క టైము. ఆపిన చోటునుంచి తర్వాతి జత అందుకోవాలి. ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్లకు వెండి కడియం.

పండగ పొద్దున చౌరస్తా కిటకిటలాడింది. రోడ్డుకు ఇంకా డాంబరు పడలేదు, మొరం పరిచి ఉంది. రాయికి గొలుసు బిగించి కిష్టయ్య జతకు కాడి కట్టారు. నేను ఈల ఊదాను. రాయి ముందు కదలలేదు, తర్వాత మూలిగింది. నిజంగానే మూలిగింది, మా తాత చెప్పిన అలసట తీరినట్టు. మరుక్షణం మొరం చీల్చుకుంటూ బయల్దేరింది. ముందు డప్పులు, పక్కన పసుపు నీళ్ల బిందెలతో ఆడవాళ్లు, వెనక ఊరు ఊరంతా. గంప నెత్తిన పెట్టుకుని చెన్నవ్వ రాయి పక్కనే నడిచింది, ఎవరినో సాగనంపుతున్నట్టు.

కిష్టయ్య జత సగం దారి దాటించింది. శరణబసవ జత మిగతా దారి లాగి, పార్కు గేటు ముందుకు చేరుస్తుండగా నేను ఈల ఊదాను. మహదేవప్ప కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నాడు. “ఆయ్తు! వచ్చేసింది. లోపలికి జరపండ్రి.”

“అదేంటండీ?” అన్నాడు కోటయ్య. గిత్తలను పట్టుకుని ముందుకొచ్చాడు. “మా జత ఇంకా లాగనే లేదు కదండీ. ఏడాదిపాటు ఉలవలు పెట్టి మేపింది దండ వేయించుకుని పోవడానికా?”

“రాయి రావాల్సిన చోటికి వచ్చింది గద కోటయ్యా!”

ఇదీ మావాళ్లు చేసిన పొరపాటు. రాయి ఎక్కడ ఆగాలో ముందే తీర్మానించి, ఎంత దూరం పోతే అంత గొప్ప అనే పందెం పెట్టారు. పండగ ఉత్సాహంలో ఒక్కరికీ తట్టలేదు. తెలివైనవాణ్ణి, నాకూ తట్టలేదు.

కోటయ్య తరఫున అడ్డుపడింది ఎవరనుకున్నారు? కిష్టయ్యే. “మాదేవప్పన్నా, మూడో జత లాగకుంటే మా గెలుపు గెలుపెట్లయితది? రేపు మాన్విల నన్ను చూసి నవ్వుతరు. పందెం అంటే పందెమే. గొలుసు కట్టుర్రి!” జనం ఈలలు వేశారు. మహదేవప్ప చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

సరే, లాగాలి. ఎటు? పార్కు గేటు దగ్గర దారి చీలుతుంది. మళ్లీ అభిప్రాయాలు మొదలయ్యాయి. లాడ్జి వైపు తోలమని ఒకరు, బజారు వైపని ఒకరు, వచ్చిన దారినే తిరిగి తోలమని ఇంకొకరు. పొగగొట్టం సంగతి నేను మైకులో మళ్లీ ఎత్తాను గానీ ఎవరూ వినిపించుకోలేదు.

కోటయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మీరంతా ఓ మాటకొచ్చేలోపు నా గిత్తలు ముసలైపోతాయండీ. ఇంతకీ ఈ రాయిమీద రోజూ కూర్చునేదెవరు?”

ఒక్కసారిగా అందరూ చెన్నవ్వ వైపు చూశారు.

“అమ్మా, ఎటు తోలమంటారో మీరు చెప్పండి,” అన్నాడు కోటయ్య.

నేను మైకు అందించబోయాను. తోసేసింది. “అదెందుకు, నాకు గొంతు లేదా?” గంప దించి గట్టిగానే చెప్పింది. “మలుపు దిక్కు తోలన్నా. ఆడ డ్యూటీకి పొయ్యేటోళ్లు బస్సు కోసం ఎండల నిలవడాలె. కూసుంటమంటే జాగ లేదు. ఊరి రాయంటున్నరు గద, ఊరోళ్లు కూసోనీరి. నాకు ఒక మూల చాలు.”

“నీ బేరం కోసం చెప్తున్నవు చెన్నవ్వా,” అన్నాడు లాడ్జి యజమాని.

“ఔ, నా బేరం కోసమే. నువ్వు ఫౌంటెన్ అడిగింది దేని కోసం సావుకారీ? నా బేరం నడిస్తే పదిమంది కూసుంటరు. అంతే ఫరక్.”

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు జనమంతా పాకింది. మహదేవప్ప కూడా ఆపుకోలేకపోయాడు. కాసేపు పార్కు వైపు, కాసేపు జనం వైపు చూశాడు. జనం ఎక్కువగా కనిపించారు. “హోగ్లి బిడ్రి, పోనీ. తోలు కోటయ్యా,” అని కొబ్బరికాయ అక్కడే రాయికి కొట్టేశాడు.

ఒంగోలు గిత్తలు నడిచిన నడక మీకు ఎలా చెప్పను? వాటి గిట్టలు దిగిన చోట బావి తవ్వుకోవచ్చు. రాయి వెనక లేచిన దుమ్ము శక్తినగర్ దాకా పోయి, కార్ఖానాలో మబ్బు పట్టిందనుకున్నారట. నేను ఈల కాస్త ఆలస్యంగా ఊదానని కిష్టయ్య ఇప్పటికీ దెప్పుతాడు. నా గొంతులో దుమ్ము పడింది, అంతే. వెండి కడియం మాత్రం కోటయ్యకే పోయింది.

అంత లాగినా రాయి మలుపు దాకా చేరలేదు. ఇవతలే, పత్తి గోదాము గోడ పక్కన ఆగిపోయింది. మధ్యాహ్నం తిరుగుతుండటంతో గోడ నీడ రాయి సగం మీదికి వచ్చింది. కోటయ్య నొచ్చుకుంటూ, “ఇంకాస్త మిగిలిపోయిందమ్మా. రూలు కాబట్టి ఆపాల్సి వచ్చింది,” అన్నాడు.

చెన్నవ్వ నీడను చూసింది, మలుపును చూసింది. రాయిమీద దుమ్మును కొంగుతో తుడిచి గంప పెట్టింది. “చాలన్నా. కూసో, రొట్టె తిను.”

రెండో షిఫ్టుకు పోయేవాళ్లు అప్పుడే ఒక్కొక్కరుగా వస్తున్నారు. నీడ చూసి కూర్చున్నారు. బస్సు వచ్చింది, వాళ్లను దాటుకుని మలుపు దగ్గర ఆగింది. అక్కడ మనిషన్నవాడు లేడు. డ్రైవరు హారను కొట్టాడు. “తింటున్నం, నువ్వే రా!” అని ఇక్కడినుంచి కేకలు. బస్సు వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. మర్నాడు డ్రైవరు మలుపు దాకా పోలేదు. ఇంకొన్నాళ్లకు మునిసిపాలిటీవాళ్లు వచ్చి బస్సు ఆగే చోటని గోదాము గోడకు రంగుతో రాసిపోయారు.

ఆ వారంలోనే జంబన్న కర్ర పొడుచుకుంటూ అక్కడిదాకా నడిచి వచ్చాడు. ఏళ్ల తర్వాత ఇల్లు దాటాడు. మొగుణ్ణి చూసి చెన్నవ్వ మురిసిపోతుందనుకున్నాను. నీడలో మంచి చోటు చూసుకుని అతను కూర్చోగానే ఆమె రొట్టె మడుస్తూ తలెత్తకుండానే అంది:

“ఎండ దిక్కు జరుగు. అది గిరాకీల జాగ.”