వంగి లేచేదాకా

మా ఆఫీసు ఆర్కెస్ట్రాలో తొమ్మిది మందిమి. ఏ వాద్యం ఏం వాయించాలో రాసేది నేనే కాబట్టి కొంచెం టెక్కు కూడా నాదే. ఆ ఏడు బతుకమ్మకు మధ్యాహ్నం ఆఫీసు హాల్లో మేం వాయించాలని, మా అంతస్తు శుభ్రం చేసే ఆవిడ పాట ఎత్తుకోవాలని అనుకున్నాం. పాట కూడా ఆవిడదే. ప్యాంట్రీలో బల్ల తుడుస్తూ పాడుకుంటుంటే విని, బతిమాలి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. పదకొండేళ్లుగా ఆ హాలు ఊడుస్తోంది, స్టేజీ ఎక్కడం మాత్రం ఇదే మొదటిసారి. కొత్త చీర కూడా కొనుక్కుంది.

నేను గోదావరి జిల్లా మనిషిని. బతుకమ్మను చూడటమే తప్ప ఏనాడూ ఆడింది లేదు. అయినా తగ్గుతానా! వయొలిన్లు ఖంగుమనాలని పాటను ఆరు శ్రుతికి ఎత్తాను. జనం ఊగిపోవాలని మెట్రోనోమ్‌ను నిమిషానికి నూట ముప్పై దెబ్బలకు పెట్టాను. మొదటి రిహార్సల్‌లో అంతా అదిరిపోయింది, ఆవిడ గొంతు తప్ప. రెండో చరణానికే ఆగిపోయింది.

"నాతోని కాదు మేడం. వేరేటోళ్లతోని పాడిపియ్యుండ్రి," అని చెప్పి పనిలోకి వెళ్లిపోయింది.

స్టేజీ భయం అనుకున్నాను. కీబోర్డు వాయించే ఆయన, "మా టీంలో బాగా పాడే అమ్మాయి ఉంది, పిలవనా?" అన్నాడు. సరే అనబోయాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ కొత్త చీర గుర్తొచ్చి నోరు మూసుకుని, మర్నాడు సాయంత్రం మదీనాగూడ వెనక వాళ్ల బస్తీకి వెళ్లాను.

తొమ్మిది రోజుల పండగ కదా, అప్పటికే ఆ రోజు బతుకమ్మ ఆట మొదలైంది. ఆవిడ ఎత్తుకుంటోంది, మిగతా ఆడవాళ్లు అందుకుంటున్నారు. అడుగు వేసి, వంగి, లేచి, చప్పట్లు. వాళ్లలో ఆవిడ అత్తగారు కూడా ఉంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు ససేమిరా అంటున్నా ఆట వదలదు. ఆమె వంగి లేచేసరికి మిగతావాళ్లు ఎప్పుడో లేచి నిలబడి ఉంటారు. కానీ ఒక్క చెయ్యీ ముందు మోగదు. ఆమె నడుం నిలబెట్టాకే అందరి చప్పట్లూ పడుతున్నాయి. అంతవరకూ పాట కూడా ఆగుతోంది.

ఆట అయ్యాక ఆవిడ నా చేతిలో ప్రసాదం సత్తు పిండి పెట్టింది.

"మా అత్త లేవకముందే కొడితే ఆమెను ఆటలకెల్లి తీసేసినట్టే గద మేడం," అంది. "గొంతు గూడ గంతే. నేను సన్నగ పైకి ఎత్తుకుంటే ఎనకున్నోళ్ల గొంతుకు అందది. మీ బాజాలు జర ఉరుకుతున్నయ్."

"నిన్ననే చెప్పొచ్చు కదండీ!"

"మీరు చదువుకున్నోళ్లు. నాకే రాదనుకున్న."

ఆ రాత్రే నేను రాసిందంతా మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను.

పాటను నాలుగు శ్రుతికి దించాను. ఏ స్వరానికి ఏ వేలో మళ్లీ కొత్తగా నేర్చుకోవాలని వయొలిన్ల వాళ్లు సణిగారు. సణుక్కోండి అన్నాను. మెట్రోనోమ్ కట్టేసి, ఇకనుంచి ఆవిడ చేతులు చూసి వాయించమన్నాను.

పండగ రోజు ఆవిడ కొత్త చీరలో స్టేజీ ఎక్కి, మైకు పక్కన బల్ల మీద తన ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టింది. రికార్డు చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను. గొంతు విప్పగానే హాలంతా సద్దుమణిగింది. కింద బతుకమ్మ చుట్టూ ఆఫీసు ఆడవాళ్లు తిరగడం మొదలుపెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆవిడ చప్పట్లు బస్తీలోకన్నా ఆలస్యంగా పడుతున్నాయి. కింద అందరూ వంగి లేచారు. నా వయొలిన్ కమాను తీగ మీదే ఆగిపోయింది. ఆవిడ మాత్రం ఫోన్‌కేసి చూస్తూ, చేతులు తెరిచి అలాగే నిలబడింది. అప్పుడు కొట్టింది. ప్రతి చుట్టుకూ అంతే. మేమూ ఆగాం.

పాట అయ్యాక అడిగాను, "ఎందుకండీ అంతంతసేపు ఆగారు?"

ఆవిడ ఫోన్ నా వైపు తిప్పింది. అది రికార్డింగ్ కాదు, వీడియో కాల్. చిన్న గదిలో మంచం పక్కన వాళ్ల అత్త ఒక్కతే నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసపడుతోంది. ఆమె కూడా కొత్త చీర కట్టుకుంది.

"బయటోళ్లకు పాస్ ఇయ్యరంట మేడం," అంది ఆవిడ. "గందుకే ఇంట్లనే ఆడింది."

గేటు దగ్గర పాస్ అడగాలని నాకు తట్టనే లేదు. ఫోన్‌లోంచి ముసలావిడ గొంతు వినిపించింది.

"అయిపోయిందా బిడ్డా? ఇంగొకటి ఎత్తుకో."

నేను మా వాళ్లవైపు తిరిగి కమాను ఎత్తాను.