రేకు కింద ఉన్న ఇంజన్

2022 జూన్ 20, సోమవారం. ఉదయం పదిన్నర. తెల్లవారుజామున పట్టిన ముసురు ఇంకా విడవలేదు. నవాగామ్ మలుపులో ఒక ముసలి లారీ నా ముందు ఆగి, మళ్ళీ కదలబోతూ గట్టిగా మూలిగి, మాస్కు గుడ్డను దాటి లోపలికి వచ్చేంత నల్లటి పొగ వదిలింది. దాని ఇంజన్ ఏ రకానిదో నేను చెప్పలేను. చెప్పగలిగిన మనిషి ఆ పక్క సందులోనే, ఒక్క గదిలో, భార్య రాజవ్వతో ఉండేవాడు. పేరు మల్లయ్య.

పాండేసర పారిశ్రామికవాడలోని ఒక అద్దకం మిల్లులో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు స్టోర్ కీపరుగా పనిచేశాను. మల్లయ్య జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మగ్గాల పనికి వచ్చి, ఆరు నెలలకే మా మిల్లు లారీల గ్యారేజీలో కుదురుకున్నవాడు. నా స్టోరులో సామాను తీసుకున్నప్పుడల్లా సంతకం చేయడానికి విసుక్కునేవాడు. అతనిది చేతి జ్ఞానం, నాది కాగితం. 2020 మార్చిలో మిల్లుతో పాటు గ్యారేజీ కూడా మూతపడింది. మిల్లు మళ్ళీ తెరుచుకుంది, గ్యారేజీ తెరుచుకోలేదు. అప్పటికి మల్లయ్యకు అరవై ఒక్క ఏళ్ళు.

ఆ సంవత్సరం నవంబరులో మిల్లు యజమాని చిన్న శేఠ్ మా ఇద్దరినీ పిలిపించాడు. కిమ్ అనే ఊరి దగ్గరి మిల్లు స్థలంలో ఆయన తండ్రి పెద్ద శేఠ్ కాలం నాటి లారీలు నలభై మూడు తుప్పు పడుతున్నాయి. బరోడాలో పాత బండ్లు సేకరించే ఒకాయన వాటిని కొంటానన్నాడట, అయితే పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉన్నవాటిని మాత్రమే. అక్కడే షెడ్డు వేసి వాటిని బాగుచేయించాలి. ఆ షెడ్డుకు మేస్త్రీగా మల్లయ్య పనికివస్తాడా అని చూడటానికి చిన్న శేఠ్ ఒక పరీక్ష పెట్టాడు. ప్రతి ఇంజన్ రకాన్నీ మల్లయ్య ముందుగా చెప్పాలి. ఆ తర్వాత నేను ఇంజన్‌కు కొట్టిన నంబరు రేకు మీది మడ్డి గీకి చదివి, ఒప్పో తప్పో రాయాలి. కనీసం మూడేళ్ళ పని అది. రాజవ్వకు ఆ వారమంతా నిద్ర లేదని మల్లయ్యే నవ్వుతూ చెప్పాడు.

నాలుగు రోజులు పట్టింది. బ్యాటరీలు ఏనాడో చచ్చిపోయిన బండ్లవి, చప్పుడు విని చెప్పే వీలు లేదు. మల్లయ్య ఒక పొడవాటి ఇనుప కడ్డీతో ఇంజన్ వెనక ఉండే ఫ్లైవీలు చక్రాన్ని మెల్లగా తిప్పేవాడు. రెండు చుట్లలో ఎన్నిసార్లు బిగుసుకుంటే అన్ని సిలిండర్లు. ఎంత గట్టిగా బిగుసుకున్నదన్న దాన్ని బట్టి ఇంజన్ ఎంత పెద్దదో అంచనా. మూడో రోజు ఆ కడ్డీని నా చేతికిచ్చి, కళ్ళు మూసుకోమన్నాడు. నేను ఆరు లెక్కపెట్టాను. రేకు మీదా ఆరే. అయినా నేను రేకు చూశాకే రాశాను.

"సారూ, మీ పెండ్లినాడు గూడ కాయితం జూసే పిల్లను గుర్తువట్టిండ్రా ఏంది?" అన్నాడు. నేను కూడా నవ్వాను.

పదిహేడో బండి దగ్గర, ముప్పై నాలుగో బండి దగ్గర అతని మాటకూ రేకుకూ పొత్తు కుదరలేదు. రెండూ పైకి ఒకేలా కనిపించే ఆరు సిలిండర్ల ఇంజన్లే. రేకు చిన్న రకమంటుంది, మల్లయ్యేమో తర్వాతి కాలపు పెద్ద రకమంటాడు. రేకును అతనికి చూపించాను. దాని వైపు తిరిగి కూడా చూడలేదు.

"జర ఆగి రాయుండ్రి, సారూ."

"ఎందుకు ఆగాలో చెప్పు."

కడ్డీని గుడ్డతో తుడిచాడు. "చెప్పరాదు. గని ఇంజన్ మాత్రం పెద్దదే. నా మాట మారది."

నేను 'తప్పు' అని రాశాను. రెండు చోట్లా. నలభై మూడింటిలో నలభై ఒకటి సరిపోయాయి. చిన్న శేఠ్ పట్టికలో ఆ రెండు వరుసలే చూసి, కొనబోయే మనిషికి ఏమని జవాబు చెప్పాలని అడిగాడు. మరొకరైతే ఇరవై కూడా చెప్పలేరని నాకు తెలుసు. అది అనలేదు. అంకెలు మీ ముందే ఉన్నాయన్నాను. సర్టిఫికెట్ ఉన్న మరో మెకానిక్‌ను పెట్టుకున్నారు. మల్లయ్య నవాగామ్‌లో ఒక గోడౌన్‌కు కాపలా కుదిరాడు. 2021 ఏప్రిల్‌లో జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున పోయాడు. ఆ రోజుల్లో నలుగురు మోయడానికి కూడా వీలులేదు. నేను వెళ్ళలేదు.

జూలైలో షెడ్డు నుంచి నాకు ఫోను వచ్చింది. పదిహేడో బండికి రేకు ప్రకారం తెప్పించిన పిస్టన్లు వదులుగా ఉన్నాయట. వెళ్ళి నా చేతులతోనే కొలిచాను. సిలిండర్ వెడల్పు ఉండవలసిన దానికంటే ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ. ముప్పై నాలుగో దాన్ని కూడా విప్పించాను. అదీ ఎనిమిదే.

మరునాడు రాజవ్వ దగ్గరకు వెళ్ళాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆ రెండు ఇంజన్లు మార్చింది మల్లయ్యేనట. కాగితాలు మార్పించడానికి నెలలు పడుతుందని పెద్ద శేఠ్ పాత రేకులను ఊడదీయించి, కొత్త ఇంజన్లకు కొట్టించాడు. ఎవరికీ చెప్పనని మల్లయ్య దగ్గర మాట తీసుకున్నాడు. అంటే ఆ రెండు రేకుల మీద ఏముందో మల్లయ్యకు ముందే తెలుసు. దాన్నే పలికి ఉంటే పని అతనిదే.

"నాకైనా చెప్పవలసింది కదమ్మా," అన్నాను.

"చెప్దామనే అనుకున్నడు, సారూ. గని మీరు రాస్తరని భయపడ్డడు. సచ్చిపోయిన పెద్దాయన పేరు ఖరాబైతదన్నడు."

ఆమె మాటలో కోపం లేదు. నాతో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి, నా చేతిలో కలం ఉండగా నాతో ఒక రహస్యం చెప్పుకునే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఎవరి మాటకైనా ఎదురుగా 'తప్పు' అని రాయబోయే ముందు నా చేయి ఆగుతుంది. కలం కింద పెట్టి, ఎందుకలా అంటున్నావని ఆ మనిషిని అడుగుతాను. ఆ రోజు మల్లయ్యను నేను ఒక్కసారే అడిగాను, అదీ కలం పట్టుకుని.

చిన్న శేఠ్ అనుమతితో పట్టికను దిద్దాను. పదిహేడు, ఒప్పు. ముప్పై నాలుగు, ఒప్పు. కారణం గడిని ఖాళీగా వదిలాను. మొత్తం లారీలు నలభై మూడు. మల్లయ్య సరిగ్గా చెప్పినవి నలభై మూడు.